గన్ పక్కన నిలబడ్డ కుర్రాడు: జాక్ కార్న్‌వెల్, 1916

ఈస్ట్‌హామ్ శ్రీను | శనివారం, రాత్రి 10:12

అందరికీ నమస్తే. లండన్‌లో ఈస్ట్ హామ్ వైపు ఉంటున్నాను. మా ఇంటి నుంచి మేనర్ పార్క్ శ్మశానం నడిచి వెళ్లే దూరం. శ్మశానం అంటే మన ఊళ్లలోలా ఊరవతల కాదు, ఇళ్ల మధ్యలోనే. లోపల చెట్లు, నడవడానికి దారులు. సాయంత్రం పూట మా అబ్బాయిని తీసుకుని అలా వెళ్తుంటాను. వాడికి తొమ్మిదేళ్లు. ఏది కనిపిస్తే అది గట్టిగా చదవడం వాడి అలవాటు.

ఇవాళ ఒక రాయి దగ్గర ఆగి చదివాడు: ఫస్ట్ క్లాస్ బాయ్, జాన్ ట్రావర్స్ కార్న్‌వెల్. "నాన్నా, ఈ అన్నయ్య ఫస్ట్ క్లాస్‌లో పాసయ్యాడా?" అని అడిగాడు. నాకు నవ్వొచ్చింది. తర్వాత కింది తేదీలు చూస్తే నవ్వు ఆగిపోయింది. పుట్టింది 1900 జనవరి 8, పోయింది 1916 జూన్ 2. జట్లాండ్ యుద్ధంలో (మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్, జర్మన్ నేవీల మధ్య జరిగిన సముద్రపోరు) తగిలిన గాయాలతో చనిపోయాడని రాసుంది. ఆ రాయిని పెట్టించింది ఈస్ట్ హామ్ బడుల్లో చదివిన, చదువుతున్న పిల్లలట.

ఇంటికొచ్చి చదివాను. పదహారేళ్లకే విక్టోరియా క్రాస్, అంటే యుద్ధంలో ధైర్యానికి బ్రిటన్ ఇచ్చే అత్యున్నత పతకం, వచ్చినవాడు. ఇక్కడ మేనర్ పార్క్‌లోనే వాల్టన్ రోడ్ స్కూల్లో చదివాడు, తర్వాత ఆ బడికి ఇతని పేరే పెట్టారు. పద్నాలుగేళ్లకి బడి మానేసి బ్రూక్ బాండ్ టీ బండి మీద సరుకు ఇచ్చే కుర్రాడిగా చేరాడు. అవును, మన ఇళ్లల్లో పొద్దున్నే మరిగే అదే బ్రూక్ బాండ్. మా బస్సు రోజూ పోయే దారిలో జాక్ కార్న్‌వెల్ స్ట్రీట్ అని ఉంది. ఇన్నాళ్లూ ఎవరో కౌన్సిలర్ పేరనుకున్నాను!

నా ప్రశ్న ఒకటే. ఇతను చేసిందేమిటి అని వెతికితే, ప్రతిచోటా "తన చోట నిలబడ్డాడు" అనే ఉంది. అంతేనా? నేవీ సంగతులు తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

---

కుర్రోడు99 | శనివారం, రాత్రి 10:31

అన్నా, గూస్‌బంప్స్! అచ్చం మన అభిమన్యుడు. అతనిదీ పదహారేళ్లే కదా.

---

కృష్ణవేణి | శనివారం, రాత్రి 10:48

అభిమన్యుడు రథం ఎక్కి, మహారథుల్ని ముప్పుతిప్పలు పెట్టి పోయాడు బాబూ. శ్రీను గారు చెప్పిన దాన్ని బట్టి ఈ పిల్లాడు అసలు ఎవర్నీ కొట్టలేదు. పదహారేళ్లవాడు ఎక్కడ కనిపించినా అభిమన్యుణ్ణి లాక్కొస్తే ఎలా? మా అన్న కొడుక్కి పదహారు. తువ్వాలు ఎక్కడుందో ఇప్పటికీ వాళ్లమ్మే చెప్పాలి.

---

విశాఖ నావికుడు | ఆదివారం, ఉదయం 6:05

శ్రీను గారూ, నేను మన నేవీలో గన్నరీ బ్రాంచిలో చేసి రిటైరయ్యాను. మీ ప్రశ్నకి కాస్త వివరంగానే చెప్పాలి.

ముందు ఆ "బాయ్" సంగతి. అది రాంకు. పద్దెనిమిది నిండని కుర్రాళ్లని బ్రిటిష్ నేవీ "బాయ్"గానే చేర్చుకునేది. మొదట సెకండ్ క్లాస్, శిక్షణ అయ్యాక ఫస్ట్ క్లాస్. పద్దెనిమిది నిండాకే ఆర్డినరీ సీమన్. మన నేవీలోనూ ఒకప్పుడు బాయ్స్ ఎంట్రీ ఉండేది, ట్రైనింగ్ ఇక్కడ విశాఖలోనే. కాబట్టి ఆ మాట చూస్తే నాకు నవ్వు రాదు, మా బ్యారక్ గుర్తొస్తుంది.

ఇక ఇతని పని. సైట్ సెట్టర్. చెవులకి టెలిఫోన్ సెట్ ఉంటుంది. పైన కంట్రోల్లో ఉన్నవాళ్లు శత్రువు ఎంత దూరంలో ఉన్నాడో గజాల్లో చెబుతారు. నీ ముందున్న ఇత్తడి డయల్ మీద చక్రం తిప్పి ఆ అంకె దగ్గర ఆపాలి. మన ఓడా కదులుతుంది, వాడి ఓడా కదులుతుంది, కాబట్టి గురిని పక్కకి ఎంత జరపాలో ఇంకో అంకె వస్తుంది. అదీ పెట్టాలి. ఇంతే పని. కానీ ఈ రెండు అంకెల్లో ఒకటి తప్పితే, మిగతావాళ్లు చెమటోడ్చి మోసి పేల్చిన గుండు నీళ్లలో పడుతుంది. ఒక్కో గుండు 37 కిలోల దాకా ఉంటుంది.

ఈ పనికి కండ అక్కర్లేదు. చెవి కావాలి, నిదానం కావాలి. అందుకే కుర్రాళ్లకి ఇచ్చేవారు. మిగతావాళ్లందరి చేతుల్లో ఏదో బరువు ఉంటుంది, ఒళ్లు కదులుతుంటే భయం కాస్త తగ్గుతుంది. సైట్ సెట్టర్‌కి ఆ అదృష్టం లేదు. వినడం, నిలబడడం. ఒకసారి ఎక్సర్‌సైజులో నలభై నిమిషాలు హెడ్‌సెట్ పెట్టుకుని ఒక్క ఆర్డరూ రాకుండా నిలబడ్డాను. శత్రువు లేడు, గుండు లేదు, ఉత్తి ప్రాక్టీసు. అయినా చివరికి మోకాళ్లు వణికాయి.

---

ఈస్ట్‌హామ్ శ్రీను | ఆదివారం, ఉదయం 7:20

బాబాయ్ గారూ, ఒక్క పోస్టుతో సగం అర్థమైంది. థాంక్యూ. ఓడ గురించి కూడా తెలిస్తే చెప్పండి.

---

పాత కాగితాలు | ఆదివారం, ఉదయం 9:14

ఓడ సంగతి నేను చెబుతాను. నాకు మొదటి ప్రపంచ యుద్ధం పిచ్చి, మా ఆవిడకి తెలుసు.

హెచ్.ఎం.ఎస్. చెస్టర్, లైట్ క్రూయిజర్, అంటే వేగంగా వెళ్లే తేలికపాటి యుద్ధనౌక. తమాషా ఏంటంటే దీన్ని మొదలుపెట్టింది గ్రీసు నేవీ కోసం. కట్టడం పూర్తి కాకముందే, యుద్ధం నడుస్తుండగా, బ్రిటిష్‌వాళ్లు కొనేసి తమ నేవీలో కలుపుకున్నారు. అందుకే దాని మీద ఉన్నవి బ్రిటిష్ క్రూయిజర్లలో మామూలుగా ఉండే ఆరంగుళాల గన్లు కావు, ఐదున్నర అంగుళాలవి, మొత్తం పది. ఓడ కొత్తది, మనుషులూ కొత్తవాళ్లే. నేవీ సేవలోకి వచ్చింది 1916 మే నెల మొదట్లో, యుద్ధం ఆ నెలాఖరున. కార్న్‌వెల్ 1915 అక్టోబరులో నేవీలో చేరాడు. తండ్రి అప్పటికే సైన్యంలో ఉన్నాడు, ఆయన అనుమతి లేకుండానే చేరాడు. హెడ్మాస్టర్ ఒక ఉత్తరం, పని ఇచ్చిన యజమాని ఒక ఉత్తరం ఇచ్చారు. డెవన్‌పోర్ట్‌లో శిక్షణ. చెస్టర్‌లో చేరడానికి బయల్దేరింది 1916లో ఈస్టర్ సోమవారం, అంటే ఏప్రిల్ 24.

మే 31 సాయంత్రం, ఉత్తర సముద్రం, డెన్మార్క్ తీరానికి పడమర. రెండు వైపులా కలిపి దాదాపు 250 ఓడలు. చెస్టర్ పని అడ్మిరల్ హుడ్ పెద్ద ఓడల ముందు కాపలాగా తిరగడం. ఐదున్నర ప్రాంతంలో దూరంగా గన్ల చప్పుడు వినిపించింది. అదేంటో చూద్దామని మంచులోకి తిరిగింది. మంచు విడేసరికి ఎదురుగా నాలుగు జర్మన్ లైట్ క్రూయిజర్లు: ఫ్రాంక్‌ఫర్ట్, వీస్‌బాడెన్, పిల్లావ్, ఎల్బింగ్. ఒకటికి నాలుగు. వెనక్కి తిరిగి, పడే గుండ్లను తప్పించుకుంటూ మెలికలు తిరుగుతూ హుడ్ ఓడల వైపు పరిగెత్తింది. ఇరవై నిమిషాల్లోపే పదిహేడు గుండ్లు తగిలాయి. 29 మంది చనిపోయారు, 49 మంది గాయపడ్డారు.

కార్న్‌వెల్ ఉన్నది ముందు భాగంలోని గన్ దగ్గర. ఇక్కడ ఒక దరిద్రపు సంగతి. గన్ ముందు ఇనుప కవచం ఉంటుంది కదా, అది డెక్కు దాకా దిగదు. కింద ఖాళీ. వెనక కూడా తెరిచే ఉంటుంది. గుండు పక్కన పేలితే ఇనుప ముక్కలు ఆ కింది సందులోంచి దూసుకొచ్చేవి. అందుకే ఆ రోజు చెస్టర్ గన్నర్లలో చాలామందికి పాదాలు, కాళ్లు పోయాయి.

---

కృష్ణవేణి | ఆదివారం, ఉదయం 9:40

మోకాళ్ల దాకానే కవచం పెట్టి మనుషుల్ని వెనకాల నిలబెట్టారా? అది గీసిన ఇంజినీరుకి ఏ పతకం ఇచ్చారో!

---

పాత కాగితాలు | ఆదివారం, ఉదయం 9:52

అమ్మా, మోకాళ్ల దాకా కాదు, డెక్కుకి కాస్త పైన దాకా. కానీ మీ కోపం సబబే.

ఇంకో విషయం దాచకూడదు. చెస్టర్ కెప్టెన్ లాసన్ ఆ తల్లికి ఉత్తరం రాశాడు. అందులో ఆయనే ఒప్పుకున్నాడు, ఆ సమయంలో ఆ గన్ శత్రువు వైపు తిరిగి లేదని. పదిమంది సిబ్బందిలో ఇద్దరు తప్ప అందరూ చచ్చిపోవడమో గాయపడడమో జరిగింది. అయినా తన అవసరం పడొచ్చేమో అని ఆ కుర్రాడు అక్కడే ఉన్నాడని, నిజంగానే అవసరం పడేదేమోనని రాశాడు. పోరు ఆగాక జనం వచ్చి చూసేసరికి ఛాతీలో ఇనుప ముక్కలు దిగి ఉన్నాయి, ఇంకా గన్ సైట్ల వైపే చూస్తూ నిలబడి ఉన్నాడు.

---

కుర్రోడు99 | ఆదివారం, ఉదయం 10:03

ఆగండాగండి. గన్ శత్రువు వైపు తిరగలేదంటే ఒక్క గుండు కూడా పేల్చలేదన్నట్టేగా ఆ టైమ్‌లో? మరి విక్టోరియా క్రాస్ దేనికి? నిలబడినందుకా? నేను నెగెటివ్‌గా అనట్లేదు, నిజంగా అడుగుతున్నా.

---

కృష్ణవేణి | ఆదివారం, ఉదయం 10:15

నేను నెగెటివ్‌గానే అడుగుతున్నాను. నాలుగు రాళ్ల జీతం కోసం టీ బండి ఎక్కిన పేదింటి పిల్లాణ్ణి ఓడ ఎక్కించారు. తయారీ సరిగ్గా లేని కవచం వెనక నిలబెట్టారు. చచ్చిపోయాక వీరుణ్ణి చేశారు. ఇంకో పదివేల మంది పిల్లలు క్యూలో నిలబడాలి కదా!

---

విశాఖ నావికుడు | ఆదివారం, ఉదయం 11:30

కృష్ణవేణి గారూ, మీరన్న దాంట్లో చాలా వరకు కాదనను. కానీ తమ్ముడు అడిగిన దానికి జవాబు చెప్పాలి.

ఓడ మెలికలు తిరుగుతోంది. ఈ క్షణం గన్ శత్రువు వైపు లేదు, ఓడ ఇంకో మెలిక తిరిగితే ఉంటుంది. అప్పుడు కంట్రోల్ నుంచి అంకె వస్తుంది. ఆ అంకె వినేవాడు లేకపోతే ఆ గన్ ఉన్నా లేనట్టే. గాయపడ్డ ఇద్దరు ముగ్గురైనా లేచి గుండు ఎక్కించగలరు, లేదా పక్క గన్ నుంచి మనుషులు వస్తారు. వాళ్లొచ్చేసరికి గురి సరిగ్గా ఉండాలి. ఆ కుర్రాడి లెక్క అది. నిలబడ్డాడు అంటే బొమ్మలా నిలబడ్డాడని కాదు. డ్యూటీలో ఉన్నాడు.

అవార్డు ప్రకటనలో కూడా గొప్ప గొప్ప మాటలేం లేవు. మొదట్లోనే చావు గాయం తగిలినా, చుట్టూ సిబ్బంది చచ్చి, గాయపడి ఉన్నా, చివరిదాకా ఒంటరిగా, నిశ్శబ్దంగా ఆజ్ఞల కోసం ఎదురుచూశాడు అని. వయసు పదహారున్నర కూడా లేదు అని. అంతే. నేవీ వాడు రాసిన మాటలని చదవగానే తెలుస్తుంది, ఎక్కడా శత్రువుని చంపాడని అబద్ధం చెప్పలేదు.

1971 డిసెంబరు 9న మన ఖుక్రీ ఓడ డయ్యూ దగ్గర మునిగింది. 18 మంది ఆఫీసర్లు, 176 మంది సెయిలర్లు పోయారు. కెప్టెన్ ముల్లా గారు ఓడతోనే వెళ్లిపోయారు. ఆయన ఆ ఆఖరి నిమిషాల్లో ఎవర్నీ చంపలేదు. కానీ నేవీలో పనిచేసినవాణ్ణి ఎవర్నైనా అడగండి, ఆ పేరు ఎలా పలుకుతారో.

---

కుర్రోడు99 | ఆదివారం, ఉదయం 11:42

సార్, ఘాజీ మన వైజాగ్ దగ్గరే కదా మునిగింది! దాని గురించి కూడా చెప్పండి. దాన్ని ముంచింది మనవాళ్లేనా, దానంతట అదే పేలిందా?

---

నిర్వాహకుడు | ఆదివారం, ఉదయం 11:50

ఘాజీ గురించి ఇప్పటికే మూడు చర్చలు నడుస్తున్నాయి, మూడూ పోట్లాటల్లోనే ఆగాయి. దయచేసి అక్కడికి వెళ్లండి. ఇక్కడ జట్లాండ్ మాత్రమే.

---

లెక్కల మాస్టారు | ఆదివారం, మధ్యాహ్నం 2:25

నమస్కారం. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. పొద్దున్నుంచీ చదువుతున్నాను. డిసెంబరు 4 నేవీ డేకి తొమ్మిదో తరగతి పిల్లలకి ఒక సంగతి చెప్పమని హెడ్మాస్టర్ గారు అడిగారు. ఈ అబ్బాయి గురించి చెబుదామా అనిపించింది. వీరుడు, త్యాగం, దేశం అని మూడు ముక్కలు చెప్పేసి చప్పట్లు కొట్టించడం తేలిక. కృష్ణవేణి గారి మాటలు చదివాక అలా చెప్పబుద్ధి కావట్లేదు. అసలు ఆ తర్వాత ఏం జరిగింది? కుటుంబానికి ఏమైంది?

---

పాత కాగితాలు | ఆదివారం, మధ్యాహ్నం 3:40

మాస్టారూ, తర్వాతి కథే నాకు ఎక్కువ బాధ. నిదానంగా చెబుతాను.

చెస్టర్ దెబ్బతిని ఇమ్మింగ్‌హామ్ రేవుకి చేరింది. కుర్రాణ్ణి గ్రిమ్స్‌బీ ఆసుపత్రిలో చేర్చారు. తల్లికి టెలిగ్రాం వెళ్లింది. ఆమె లండన్ నుంచి బయల్దేరింది. ఆమె చేరేలోపే, జూన్ 2 ఉదయం, ప్రాణం పోయింది.

శవాన్ని ఈస్ట్ హామ్ తెచ్చారు. డబ్బు లేదు. ఉమ్మడి సమాధిలో, అంటే పేదవాళ్లని వరసగా పూడ్చే చోట, పూడ్చారు. అప్పటికి అతనెవరో ఎవరికీ తెలియదు. జులైలో అడ్మిరల్ బీటీ నివేదిక బయటికొచ్చింది, అందులో ఈ కుర్రాడి ప్రస్తావన ఉంది. అప్పుడు పత్రికలు పరిగెత్తుకొచ్చాయి. దేశం కోసం పోయినవాణ్ణి బిచ్చగాడిలా పూడుస్తారా అని గోల. జులై 29న సమాధి తవ్వి, బయటికి తీసి, మళ్లీ పూర్తి సైనిక లాంఛనాలతో పూడ్చారు. గన్ బండి మీద శవపేటిక, దాన్ని లాగింది నేవీ కుర్రాళ్లు, వెనక చెస్టర్ నుంచి వచ్చిన అతని ఈడు పిల్లలు పూలదండలతో. రోడ్ల పక్కన జనమే జనం. ఎనిమిది వారాల ముందు అదే శవం వెనక ఎంతమంది నడిచి ఉంటారో మీరే ఊహించుకోండి.

సెప్టెంబరు 15న విక్టోరియా క్రాస్ ప్రకటించారు. సెప్టెంబరు 30న దేశమంతా బడుల్లో జాక్ కార్న్‌వెల్ దినం. పిల్లలు తలా ఒక పెన్నీ ఇచ్చారు, రిచ్‌మండ్‌లో యుద్ధంలో అంగవైకల్యం వచ్చినవాళ్ల ఆశ్రమానికి. అక్టోబరు 25న తండ్రి ఈలై పోయాడు. అతన్నీ కొడుకు సమాధిలోనే పెట్టారు. నవంబరు 16న తల్లి నల్లబట్టల్లో బకింగ్‌హామ్ ప్యాలెస్‌కి వెళ్లి ఐదో జార్జి చేతుల మీదుగా పతకం తీసుకుంది. అప్పట్లో నేవీ వాళ్ల విక్టోరియా క్రాస్‌కి నీలం రిబ్బను ఉండేది, 1918 తర్వాతే అందరికీ ఎరుపు అయింది. పతకం చేతికొచ్చేసరికి కొడుకూ లేడు, మొగుడూ లేడు. 1918లో సవతి కొడుకు ఆర్థర్ ఫ్రాన్స్‌లో చనిపోయాడు. 1919లో ఆమె కూడా పోయింది. స్టెప్నీలో అద్దె గదిలో. 48 ఏళ్లు.

ఇంకో చిన్న సంగతి. ఫ్రాంక్ సాల్స్‌బరీ అనే పెద్ద చిత్రకారుడు ఈ సన్నివేశాన్ని వేశాడు, చాలా పేరొచ్చింది. ఆ బొమ్మలో గన్ దగ్గర నిలబడ్డది జాక్ కాదు. జాక్ లేడు కాబట్టి అతని సోదరుణ్ణి నిలబెట్టి గీశాడు.

---

కృష్ణవేణి | ఆదివారం, సాయంత్రం 4:02

పొద్దున నేను కోపంతో రాశాను. ఇప్పుడు రాయడానికి ఏమీ తోచట్లేదు. తోడబుట్టినవాడు చచ్చిపోయిన చోట నిలబడ్డట్టు ఆ సోదరుణ్ణి నిలబెట్టారా...

ఆ తల్లి పేరేంటండీ?

---

పాత కాగితాలు | ఆదివారం, సాయంత్రం 4:10

లిల్లీ.

---

కుర్రోడు99 | ఆదివారం, సాయంత్రం 4:33

విక్టోరియా క్రాస్ వచ్చినవాళ్లలో ఇతనే చిన్నవాడా?

---

పాత కాగితాలు | ఆదివారం, సాయంత్రం 4:50

కాదు. పందొమ్మిదో శతాబ్దంలో ఇద్దరికి పదిహేనేళ్ల మూడు నెలల వయసులో వచ్చింది. అందులో ఒకడు ఇండియన్ మెడికల్ ఎస్టాబ్లిష్‌మెంట్‌లో పనిచేసిన ఆండ్రూ ఫిట్జ్‌గిబ్బన్. 1860లో చైనాలో టాకూ కోటల దగ్గర, గుండ్ల వర్షంలో గాయపడ్డవాళ్లకి కట్లు కట్టాడు. గాయపడ్డవాళ్లని డోలీలో మోసే ఒకతనికే దెబ్బ తగిలితే, అతనికి కట్టు కట్టడానికి చాటు వదిలి బయటికొచ్చాడు ఈ కుర్రాడు. ఆ డోలీ మోసినవాడి పేరు మాత్రం ప్రకటనలో లేదు.

అలాగే జట్లాండ్‌లో అటువైపు కూడా చూడాలి. చెస్టర్‌ని కొట్టిన నాలుగింటిలో వీస్‌బాడెన్ ఒకటి కదా. కాసేపటికే హుడ్ ఓడలు వచ్చి దాన్ని ఛిద్రం చేశాయి. 589 మంది పోయారు, ఒక్కడు బతికాడు. ఆ హుడ్ ఓడ ఇన్‌విన్సిబుల్ కూడా ఆరున్నరకల్లా పేలిపోయింది. 1,026 మంది పోయారు, ఆరుగురు మిగిలారు. చెస్టర్ పరిగెత్తింది ఆ ఓడ నీడలోకే. మొత్తం మీద బ్రిటన్‌వైపు 6,094 మంది, జర్మనీవైపు 2,551 మంది. ఒక్క సాయంత్రం, ఒక్క రాత్రి.

మన సముద్రం కూడా తప్పించుకోలేదు. 1914 సెప్టెంబరు 22 రాత్రి ఎండెన్ అనే జర్మన్ యుద్ధనౌక మద్రాసు మీద గుండ్లు వేసింది, నూనె ట్యాంకులు తగలబడ్డాయి. అప్పుడు మన కోస్తా జిల్లాలన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలోవే. ఇక బ్రిటిష్ సరుకు ఓడల్లో బొగ్గు వేసే లాస్కర్లు, అంటే మనవైపు నుంచి వెళ్లిన ఓడ పనివాళ్లు, ఎంతోమంది పోయారు. వాళ్లలో బెంగాల్, అస్సాం వాళ్ల జ్ఞాపకార్థం కలకత్తాలో ఒక స్తంభం ఉంది, 896 మంది. వాళ్లకి రెండో అంత్యక్రియలు కాదు, మొదటివే లేవు. సముద్రమే.

---

విశాఖ నావికుడు | ఆదివారం, రాత్రి 8:15

మాస్టారూ, పిల్లలకి ఈ అబ్బాయి గురించే చెప్పండి. కానీ డయల్ నుంచి మొదలుపెట్టండి, పతకం నుంచి కాదు. వీలైతే ఇద్దరు పిల్లల్ని లేపి ఒకర్ని గది చివర నిలబెట్టి అంకెలు చెప్పించండి, ఇంకొకడు కాగితం మీద రాయాలి. మిగతా క్లాసంతా బల్లలు బాదాలి, అరవాలి. రాసేవాడు ఎన్ని తప్పులు చేస్తాడో చూడండి. మాకు ట్రైనింగ్‌లో అలాగే చేశారు, నేను మొదటి రోజు పదిలో నాలుగు తప్పు పెట్టాను.

---

లెక్కల మాస్టారు | ఆదివారం, రాత్రి 8:40

చాలా బాగుంది సార్. బల్లలు బాదితే పక్క క్లాసు టీచర్ గారు నన్ను బాదుతారు, అయినా చేస్తాను. ఎలా జరిగిందో ఇక్కడే రాస్తాను.

---

ఈస్ట్‌హామ్ శ్రీను | శుక్రవారం, రాత్రి 11:05

ఇవాళ సెలవు పెట్టి ఇంపీరియల్ వార్ మ్యూజియం వెళ్లాను, మావాణ్ణి కూడా తీసుకుని. చెస్టర్ మీద కార్న్‌వెల్ నిలబడ్డ గన్ అక్కడే ఉంది. నేను ఇంకా పెద్దది ఊహించుకున్నాను. కవచం చూడగానే పాత కాగితాలు గారి మాట గుర్తొచ్చి ముందు కిందికి వంగి చూశాను. నిజమే, సందు ఉంది. మావాడు ఆ సందులోంచి నా బూట్లు చూసి "నాన్నా, నువ్వు కనిపిస్తున్నావు" అన్నాడు. వాడికి ఆట. నాకు ఒళ్లు జలదరించింది.

తిరిగొచ్చేటప్పుడు సమాధి దగ్గరికి కూడా వెళ్లాం. దాని మీద ఒక వాక్యం ఉంది. డబ్బో వంశమో కాదు, మంచి నడవడి, గొప్ప మనసే మనిషిని పెద్దవాణ్ణి చేస్తాయి అని. వంశం సంగతి అటుంచి, డబ్బు లేకపోవడం వల్లే కదా మొదట ఆ ఉమ్మడి గోతిలో పెట్టింది అనుకున్నాను. పక్కన ఎవరో పెట్టిన పూలు వాడి ఉన్నాయి. మావాడు దులిపి సర్దాడు.

---

కృష్ణవేణి | శనివారం, ఉదయం 7:10

శ్రీను గారూ, ఇంకోసారి వెళ్తే నా తరఫున కూడా రెండు పూలు పెట్టండి. పతకానికి కాదు. వాళ్లమ్మకి.

---

లెక్కల మాస్టారు | సోమవారం, రాత్రి 9:30

అయింది. చెప్పాను. ఎలా జరిగిందో రాస్తానన్నాను కాబట్టి రాస్తున్నాను.

నేవీ బాబాయ్ గారు చెప్పినట్టే చేశాను. మా క్లాసులో అందరికంటే చురుకైన అమ్మాయి అంకెలు రాసింది. పదిలో మూడు తప్పు. బల్లల చప్పుడికి హెడ్మాస్టర్ గారు కిటికీలోంచి తొంగిచూసి వెళ్లారు, ఏమీ అనలేదు.

తర్వాత నా అలవాటు పోనిచ్చుకోక ఒక లెక్క ఇచ్చాను. 1900 జనవరి 8న పుట్టినవాడు 1916 మే 31కి ఎన్ని రోజులు బతికాడు? సగం క్లాసు 1900ని లీపు సంవత్సరం చేసేసింది. నాలుగుతో భాగిస్తే పోతుంది కదా సార్ అని. వంద సంవత్సరాల రూలు మళ్లీ చెప్పాను. 1916 ఫిబ్రవరికి 29 వేయడం ఇంకొందరు మర్చిపోయారు. చివరికి వచ్చింది 5,987 రోజులు. అందులో ఏప్రిల్ 24 నుంచి లెక్కేస్తే ఆ ఓడకి కేటాయించాక గడిచినవి 37. ఆ 37 బోర్డు మీద రాశాక క్లాసు కాస్త నిశ్శబ్దమైంది. ఒకడు లేచి "సార్, నాకంటే ఏడాదిన్నరే పెద్ద" అన్నాడు.

గన్ తిరగని సంగతి కూడా చెప్పాను, దాచలేదు. మరి ఎందుకు నిలబడ్డాడు అని ఎవరూ అడగలేదు. అదేదో వాళ్లకి తేలిగ్గానే అర్థమైంది, మనమే వారం రోజులు కొట్టుకున్నాం. రెండుసార్లు పూడ్చడం మాత్రం అస్సలు అర్థం కాలేదు. "ఒకసారి పూడ్చాక మళ్లీ ఎందుకు సార్ తీయడం, అతనికి ఏమన్నా తెలుస్తుందా?" అని అడిగారు.

చివరి బెంచీలో ఒకబ్బాయి ఉంటాడు. సెలవుల్లో వాళ్ల మామయ్యతో వేటకి వెళ్తాడు, సముద్రం మీదికి. ఈ మధ్య బడికి రావడం తగ్గింది. వాడెప్పుడూ నోరు విప్పడు. వాడు లేచి అడిగాడు: "పద్నాలుగేళ్లకే బడి మానేశాడన్నారు కదా సార్. తర్వాత ఓడ ఎక్కుతానంటే వాళ్ల హెడ్మాస్టర్ వద్దనకుండా ఉత్తరం ఎందుకిచ్చాడు?"

పోయినేడాది ఇద్దరు పిల్లల టీసీల మీద నేనూ సంతకం పెట్టాను. మంచివాళ్లు, పనిమంతులు అని రాశాను కూడా.

నేను నోరు తెరిచేలోపు బెల్లు కొట్టారు.

---

విశాఖ నావికుడు | సోమవారం, రాత్రి 9:58

మాస్టారూ, రేపు ఆ అబ్బాయి బడికొస్తే నా ఫోన్ నంబరు ఇవ్వండి, మీకు విడిగా పంపుతున్నాను. ఇంటర్ దాకా చదివితే నేవీలో చేరడానికి ఏమేం కావాలో నేను చెబుతాను. చేరమని కాదు. ముందు ఇంటర్ దాకా చదవమని.

---

లెక్కల మాస్టారు | మంగళవారం, సాయంత్రం 5:20

వచ్చాడు. ఇచ్చాను.